ముఖానికి బొటాక్స్: ఏళ్ల తరబడి వేయించుకుంటే ఏం జరుగుతుంది?

100 యూనిట్ల బొటాక్స్ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఖాళీ సీసాలాగే ఉంటుంది. బాగా పరికించి చూస్తే గాజు అడుగున తెల్లటి పలుచని పొర ఒకటి కనిపిస్తుంది. అందులోనూ దాదాపు అంతా ఉప్పు, మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్. అసలు మందు సుమారు 5 నానోగ్రాములు, అంటే గ్రాములో 20 కోట్లవ వంతు. అందులో ఐదో వంతు చాలు, కనుబొమ్మల నడుమ గీతల్ని మూడు నాలుగు నెలలు మాయం చేయడానికి. ఏడాదికి మూడుసార్లు చొప్పున పదిహేనేళ్లు వేయించుకుంటే 45 విడతలు అవుతాయి. అన్ని విడతల తర్వాత కండరం ఏమవుతుంది, నరం ఏమవుతుంది, మందు ఒంట్లో ఎక్కడైనా పేరుకుంటుందా? వేయించుకునే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహాలే ఇవి.

ఎంతకాలం వాడినా భద్రమే అనే మాట చాలావరకు నిజం. అయితే ఆ మాట దేని మీద నిలబడిందో చూసుకోవాలి. చిన్న మోతాదులు ఇచ్చి, విడతకూ విడతకూ మధ్య కనీసం మూడు నెలలు ఆగి, అసలైన మందును ముఖ కండరాలు క్షుణ్ణంగా తెలిసినవారు వేసినప్పుడు తేలిన సంగతి అది. మోతాదు పెరిగినా, వ్యవధి తగ్గినా, సీసా మారినా, చెయ్యి మారినా ఆ భరోసా అలాగే వర్తిస్తుందని అనుకోకూడదు.

నరం చివర జరిగేది

కండరం కదలాలంటే నరం కొసలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి. అది చిన్న చిన్న తిత్తుల్లో నిల్వ ఉంటుంది. ఆ తిత్తుల్ని నరం గోడకు అతికించి తెరిపించే ప్రొటీన్లలో ఒకటి స్నాప్-25. బొటాక్స్‌లోని అసలు మందు బొటులినం టాక్సిన్ అనే విష ప్రొటీన్. అందులో రెండు గొలుసులు ఉంటాయి. బరువైనది నరం కొసను గుర్తుపట్టి పట్టుకుంటుంది, తేలికది లోపలికి దూరి స్నాప్-25ను కత్తిరిస్తుంది. తిత్తులు నిండుగానే ఉంటాయి, నరంలో సంకేతమూ వస్తుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. కండరం వదులైపోతుంది. చర్మపు స్పర్శజ్ఞానం మాత్రం పోదు. కాబట్టి దీన్ని మొద్దుబార్చే మందు అనుకోకూడదు.

ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులకు మార్పు మొదలవుతుంది. రెండు వారాలకు పూర్తి ఫలితం వస్తుంది. ఆ తర్వాత కోలుకునే తీరు ఆసక్తికరంగా ఉంటుంది. మూసుకుపోయిన నరం కొస పక్కనుంచి కొత్త మొలకలు వేస్తుంది. 1999లో చిట్టెలుకల మీద జరిగిన పరిశోధనలో నెల రోజులకు ఆ మొలకలే కండరాన్ని నడిపించాయి. మూడు నెలలు నిండేసరికి పాత కొస తిరిగి పనిలోకి వచ్చింది, మొలకలు వెనక్కి తగ్గిపోయాయి. నరం చచ్చిపోవడం లేదు, తన పనిని తాత్కాలికంగా ఆపుకుంటోంది. ఈ మందు ప్రభావం శాశ్వతం కాకపోవడానికి మూలం ఇదే. నచ్చని ఫలితం వచ్చినా మూడు నాలుగు నెలల్లో పోతుందన్న ధైర్యమూ ఇక్కడినుంచే వచ్చింది. మరోవైపు, ముఖంలో గుంటలు, గీతలు నింపడానికి ఎక్కించే హయలురానిక్ ఫిల్లర్‌ను కరిగించే ఎంజైము ఉంది కానీ, నరంలోకి వెళ్లిపోయిన టాక్సిన్‌ను వెనక్కి లాగే మందు లేదు. పొరపాటు జరిగితే రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే.

40 ఏళ్ల అనుభవం ఏం చెబుతోంది

ఈ మందు పుట్టింది అందం కోసం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్ మెల్లకన్నును శస్త్రచికిత్స లేకుండా సరిచేయాలని దీనిమీద పనిచేశారు. 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెల్లకన్నుకూ, కనురెప్పలు ఆగకుండా బిగుసుకుపోయే జబ్బుకూ దీన్ని అనుమతించింది. రెప్పల జబ్బుకు ఇంజెక్షన్ వేసిన చోట కనుబొమ్మల మధ్య గీతలు కూడా తగ్గడాన్ని కెనడాలోని వాంకూవర్‌కు చెందిన వైద్య దంపతులు జీన్ కారథర్స్, అలస్టర్ కారథర్స్ గమనించి 1992లో ప్రచురించారు. సౌందర్య అవసరానికి అమెరికాలో అనుమతి వచ్చింది 2002లో.

కనురెప్పలు బిగుసుకుపోయే రోగుల్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వాళ్లు దాదాపు మూడు నెలలకోసారి, ఏళ్లకేళ్లు, ముఖంలో అదే ప్రాంతంలో ఇంజెక్షన్లు వేయించుకుంటూ వచ్చారు. సౌందర్యం కోసం వేయించుకునేవారికి భవిష్యత్తు ఎలా ఉంటుందో ముందుగానే చూపించినవారు వాళ్లే. అలాంటి రోగులకు తర్వాత ఆపరేషన్‌లో తీసిన రెప్ప కండరాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 1991లో ప్రచురించిన నివేదికలో, పలుమార్లు ఇంజెక్షన్లు పడినా తిరిగి కోలుకోలేని క్షీణత కనిపించలేదు.

2006లో ఒక కవల అక్కచెల్లెళ్ల కథనం వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరూ ఒకే పోలిక. ఒకరు 13 ఏళ్లపాటు నుదుటికీ కనుబొమ్మల మధ్యకూ క్రమంగా వేయించుకున్నారు, మరొకరు మొత్తం మీద రెండుసార్లే. క్రమంగా వేయించుకున్నవారి ముఖంలో, కదలిక లేనప్పుడు కూడా నిలిచిపోయే గీతలు పడలేదు. చెప్పుకోదగ్గ దుష్ప్రభావమూ లేదు. చూడ్డానికి ఎంత బలంగా ఉన్నా ఇది ఒక్క జంట కథ. దాన్ని నిదర్శనంగా చూపవచ్చు గానీ గణాంకంగా వాడకూడదు.

గణాంకాల వైపు వస్తే, 1989 డిసెంబరు నుంచి 2003 మే వరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు చేరిన ఫిర్యాదుల విశ్లేషణ ఒకటి ఉంది. సౌందర్య వాడకానికి సంబంధించినవి 1,031. వాటిలో తీవ్రమైనవి 36. అదే కాలంలో నమోదైన 28 మరణాలూ చికిత్స కోసం వాడిన కేసులవే, సౌందర్య వాడకంలో ఒక్కటీ లేదు. చికిత్సలో మోతాదులు చాలా ఎక్కువ, రోగులు అప్పటికే బలహీనంగా ఉన్నవారు. 2009లో మందు సమాచార పత్రంలో నల్లగీత హెచ్చరిక, అంటే నల్లగీతల చట్రంలో ఉంచే అతి తీవ్రమైన హెచ్చరిక, పెట్టించడానికీ ప్రధానంగా ఇలాంటి కేసులే కారణం. మందు వేసినచోటే ఆగకుండా మింగడాన్నీ ఊపిరినీ దెబ్బతీయవచ్చని ఆ హెచ్చరిక చెబుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కాళ్ల బిగువు తగ్గించడానికి పెద్ద మోతాదులు ఇచ్చినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించింది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఫిర్యాదుల లెక్క అనేది ఎవరో ఒకరు రాసి పంపితేనే తయారవుతుంది. ముఖం కొంచెం వంకర పోయి మూడు నెలలకు సర్దుకున్నవారిలో ఎక్కువమంది ఎవరికీ రాయరు.

కండరం సన్నబడుతుందా?

సన్నబడుతుంది. వాడని కండరం ఏదైనా తగ్గుతుంది. నెలల తరబడి విశ్రాంతి పొంది, కదలిక తిరిగివచ్చే లోపే మళ్లీ ఇంజెక్షన్ పడితే ఇంకా తగ్గుతుంది. కొన్నేళ్ల తర్వాత తక్కువ యూనిట్లు సరిపోవడం, వ్యవధి కాస్త పెంచుకోగలగడం చాలామందిలో కనిపించేది ఇందుకే. నుదురు చిట్లించే అలవాటు తగ్గడం కూడా దీనికి తోడవుతుంది.

ఆ సన్నబడటం ఎంతకాలం నిలుస్తుందన్నదే అసలు విషయం. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, తమంతట తాము ముందుకొచ్చిన ఇద్దరు ఆరోగ్యవంతుల పిక్క కండరంలో ఒకే ఒక్క విడత ఇచ్చి ఏడాది తర్వాత చూస్తే, స్కాన్‌లోనూ కండరం ముక్కలోనూ నరం సంకేతాలు అందక కండరం క్షీణించిన గుర్తులు ఇంకా ఉన్నాయి. బయటికి కనిపించే ప్రభావం పోయినంత మాత్రాన కండరం మొదటికి వచ్చేసినట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. కుందేళ్లలో నెలలపాటు పదేపదే ఇచ్చినప్పుడు కండరపు పోగుల స్థానంలో కొవ్వు చేరడమూ చూశారు. పిక్క కండరానికి, కుందేలు కాలికి ఇచ్చిన మోతాదును నుదుటితో నేరుగా పోల్చలేం. అయినా వీటిని పక్కన పెట్టేయకూడదు. ముడత ఇంకా పడకముందే, పాతికేళ్ల వయసులోనే మొదలుపెట్టి నిర్విరామంగా కొనసాగించేవారికి 40 ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్పగల అధ్యయనం ఇంకా లేదు. అలా మొదలుపెట్టిన తరానికి అంత వయసే రాలేదు.

నుదుటి దగ్గర ఇంకో చిక్కు ఉంది. కనుబొమ్మను పైకి లేపేది ఫ్రంటాలిస్ అనే నుదుటి కండరం ఒక్కటే. దించే కండరాలు చాలా ఉన్నాయి. వయసుతో పైరెప్ప చర్మం బరువెక్కిన వ్యక్తి తనకు తెలియకుండానే రోజంతా ఆ కండరంతో బొమ్మల్ని పైకెత్తి చూస్తుంటాడు. నుదుటి గీతలు రావడానికి కారణం కూడా అదే. గీతల కోసమని కండరాన్ని పూర్తిగా పడుకోబెడితే బొమ్మలు కిందికి జారి, కళ్లమీద బరువు పెట్టినట్టు ఉంటుంది. ముందే కనిపెట్టడానికి సులువైన పరీక్ష ఉంది. కళ్లు మూసుకుని నుదురు వదులు చేయమనాలి, బొమ్మలు లేవకుండా బొటనవేలితో నుదుటిని మెత్తగా అదిమిపట్టి కళ్లు తెరవమనాలి. అప్పుడు రెప్ప కంటిపాప మీదికి వస్తున్నట్టయితే ఆ నుదుటికి చాలా తక్కువ వేయాలి, లేదా వేయకుండా వదిలేయాలి. వయసు పెరిగేకొద్దీ ఈ జవాబు మారుతుంది. పదేళ్ల కిందట సరిపోయిన మోతాదే ఇప్పుడు ఎక్కువ కావచ్చు. పాత కాగితం చూసి అవే యూనిట్లు అవే చోట్ల వేస్తూ పోవడం దీర్ఘకాలపు వాడకంలో తరచూ జరిగే తప్పు.

చేతి పొరపాట్లు

సీసా కలిపే దగ్గరే మొదటి పొరపాటుకు తావుంది. బొటాక్స్ 100 యూనిట్ల సీసాలో 2.5 మిల్లీలీటర్ల నిల్వరసాయనం లేని సెలైన్ కలిపితే ప్రతి 0.1 మిల్లీలీటరులో 4 యూనిట్లు ఉంటాయి. 1 మిల్లీలీటరే కలిపితే అదే 0.1లో 10 యూనిట్లు ఉంటాయి. సిరంజిలో ఎంత నీరుందో చూసి మోతాదు చెప్పడం కుదరదన్నమాట. సీసాలో శూన్యం ఉంటుంది కాబట్టి సూది గుచ్చగానే సెలైన్‌ను అదే లోపలికి లాక్కుంటుంది. లాగకపోతే ఆ సీసాను పారేయాలి. కలిపిన మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచి 24 గంటల్లో వాడాలని తయారీదారు సూచన.

కనుబొమ్మల మధ్యకు ఆమోదించిన మోతాదు 20 యూనిట్లు, ఐదు చోట్ల నాలుగేసి చొప్పున. కళ్ల కొసలకు రెండువైపులా కలిపి 24. నుదుటికి 20, అదీ కనుబొమ్మల మధ్య వేసిన 20కి తోడుగానే. మొత్తం 64. ఈ సంఖ్యలు బొటాక్స్‌వి మాత్రమే. ఇదే టాక్సిన్‌తో వచ్చే మరో బ్రాండ్ డిస్పోర్ట్‌లో కనుబొమ్మల మధ్య మోతాదు 50 యూనిట్లు. ఒక్కో సంస్థ యూనిట్ కొలత వేరు కాబట్టి, ఏ బ్రాండో చెప్పకుండా ఎన్ని యూనిట్లో చెప్పడం కొలపాత్ర పేరు లేకుండా కొలత చెప్పడమే.

రెప్ప వాలిపోవడం అందరూ భయపడే దుష్ప్రభావం. కనుబొమ్మల మధ్య వేసిన మందు కంటి గూటి అంచు దాటి కిందికి దిగి, పైరెప్పను ఎత్తే కండరాన్ని తాకితే ఇది వస్తుంది. ఆమోదానికి ముందటి పరీక్షల్లో 3 శాతం మందిలో కనిపించింది. బొమ్మ ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన ఉండటం, తక్కువ ద్రవంలో మందు ఇవ్వడం దీన్ని తగ్గిస్తాయి. వచ్చాక ఆప్రాక్లోనిడిన్ 0.5 శాతం చుక్కలు వేస్తే రెప్పలోని ముల్లర్ కండరం బిగుసుకుని ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఆ కాస్త ఎత్తు చూపును కాపాడుతుంది, మిగతాది వారాల మీద సర్దుకుంటుంది. బొమ్మ బయటి కొస కొక్కెంలా పైకి లేచిపోతే కారణం తిరగబడి ఉంటుంది: నుదుటి మధ్యభాగం పడుకుంది, పక్క పోగులు మేలుకుని లాగుతున్నాయి. అక్కడ ఒకటి రెండు యూనిట్లు చాలు. అయితే రెండు వారాలు నిండకముందు దిద్దుబాటుకు దిగకూడదు, ఎందుకంటే మొదటి మందు అప్పటికింకా పని పూర్తి చేసి ఉండదు.

మందు పనిచేయడం మానేస్తే

టాక్సిన్ పరాయి ప్రొటీన్ కాబట్టి శరీరం దానిమీద యాంటీబాడీలు తయారుచేయగలదు. మెడ కండరాల జబ్బుకు వందల యూనిట్లు తీసుకున్న రోగుల్లో మొదట్లో ఇది నిజమైన సమస్యే. అప్పటి బొటాక్స్‌లో 100 యూనిట్లకు 25 నానోగ్రాముల ప్రొటీన్ ఉండేది. 1997లో దాన్ని 5కు తగ్గించాక సమస్య బాగా తగ్గింది. కనుబొమ్మల మధ్య వేయించుకున్న 718 మందిని పరిశీలించిన విశ్లేషణలో ఇద్దరిలోనే మందును అడ్డుకునే యాంటీబాడీలు కొత్తగా వచ్చాయి. టాక్సిన్‌ను అంటిపెట్టుకుని ఉండే తోడు ప్రొటీన్లు తీసేసిన జియోమిన్ వంటి బ్రాండ్లూ ఉన్నాయి. అయినా ఈ ముప్పును పెంచేది తెలిసిందే: పెద్ద మోతాదు, దగ్గర దగ్గర విడతలు. కొంచెం కదలిక కనిపించగానే నెల తిరక్కుండా మళ్లీ వేయించుకునే అలవాటు ఇక్కడే నష్టం చేస్తుంది. భవిష్యత్తులో పక్షవాతం తర్వాతి కండరాల బిగువుకో, మెడ జబ్బుకో ఇదే మందు అవసరమైతే అప్పుడు పనిచేయకపోవచ్చు.

మందు పట్టడం లేదనిపిస్తే ముందు యాంటీబాడీల్ని అనుమానించకూడదు. తక్కువ మోతాదు, చలి తప్పిన సీసా, తప్పు చోటు, ఇవే ఎక్కువసార్లు కారణం. తేల్చుకోవడానికి నుదుటికి ఒక వైపే మందు వేసి రెండు మూడు వారాలకు బొమ్మలు ఎత్తమంటారు. ఒక వైపు కదలకుండా ఉంటే మందు పనిచేస్తున్నట్టే.

దవడకు వేసేది అదే లెక్కా?

కాదు. ముఖం సన్నగా కనిపించాలని దవడ కండరానికి వేసే మోతాదు ఒక్కో వైపే 25 యూనిట్లకు అటూఇటూగా ఉంటుంది. చాలాచోట్ల ఇది పెట్టెమీద రాసిన ఆమోదిత వాడకం కాదు. ముడతలకు వేసేటప్పుడు కండరం సన్నబడటం పక్క ఫలితం, ఇక్కడ అదే లక్ష్యం. నమిలే బలం తగ్గితే దవడ ఎముక మీద పడే ఒత్తిడీ తగ్గుతుంది. ఒత్తిడి లేని ఎముక పలచబడుతుంది. కుందేళ్లలో దవడ కీలు దగ్గర ఎముక తగ్గడం స్పష్టంగా చూశారు. మనుషుల్లో జరిగినవి చిన్న అధ్యయనాలు, ఫలితాలు ఒక దారిలో లేవు. సూది పైకీ ముందుకీ జరిగితే నవ్వు ఒక పక్కకు పోతుంది. కండరంలో పైపొర మిగిలిపోతే నమిలినప్పుడు చెంప మీద గడ్డలా ఉబ్బుతుంది. నుదుటి ఇంజెక్షన్ల భద్రతను చూపించి దవడ ఇంజెక్షన్లకు హామీ ఇవ్వడం సరికాదు.

మెదడుకు చేరుతుందా అన్న భయం గురించి: 2008లో ఎలుకల మీసాల దగ్గర ఇచ్చిన టాక్సిన్ ఆనవాళ్లు మెదడు కాండంలో కనిపించాయి. ముఖానికి వాడే మోతాదుల్లో మనుషులకు దానివల్ల హాని జరిగిన ఆధారం లేదు.

అసలు ప్రాణాపాయం ఎక్కడుంది

2004లో ఫ్లోరిడాలో నలుగురు పక్షవాతంతో ఆసుపత్రిపాలయ్యారు. వారికి ఎక్కించింది మనుషులకు వాడకూడని, ప్రయోగశాలలకు అమ్మే గాఢమైన ముడి టాక్సిన్. రక్తంలో దొరికిన మోతాదు ప్రాణాంతకమని అంచనా వేసిన స్థాయికి 21 నుంచి 43 రెట్లు. 2024లో అమెరికాలోని 11 రాష్ట్రాల్లో 22 మంది మహిళలు నకిలీ మందు వల్లో, అర్హత లేనివారి చేతుల్లోనో జబ్బుపడ్డారు, 11 మంది ఆసుపత్రిలో చేరారు. అప్పుడు పట్టుబడ్డ నకిలీ పెట్టెలమీద 150 యూనిట్లు అని రాసి ఉంది. బొటాక్స్‌లో ఆ సైజు సీసానే తయారు కాదు. సీసా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ పెట్టెమీద ఉన్నవాటితో సరిపోవాలి. సీసాను కళ్లముందే తెరవమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఎన్నేళ్లుగా వేయించుకుంటున్నా ప్రతిసారీ బ్రాండ్, బ్యాచ్, ఎంత సెలైన్ కలిపారో, ఏ చోట ఎన్ని యూనిట్లో రాయించుకుని, ముఖం వదులుగా ఉన్నప్పటిదీ చిట్లించినప్పటిదీ రెండు ఫొటోలు జతచేసుకోవాలి. మయస్తీనియా గ్రేవిస్ వంటి నరం-కండరం జబ్బులున్నవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. జెంటామైసిన్ రకం యాంటీబయాటిక్‌లు వాడుతుంటే ముందే చెప్పాలి, అవి కండరాల బలహీనతను పెంచుతాయి.

ఇంజెక్షన్ తర్వాత గంటల్లో మొదలైనా, వారాల తర్వాత మొదలైనా కొన్ని లక్షణాల్ని ఇంట్లో కూర్చుని గమనించకూడదు. ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం, ఊపిరి అందకపోవడం. అత్యవసర విభాగంలో మొదటి మాటగానే బొటులినం ఇంజెక్షన్ వేయించుకున్న సంగతి, తేదీ చెప్పాలి. విరుగుడు సీరం రక్తంలో తిరుగుతున్న టాక్సిన్‌ను మాత్రమే పట్టుకోగలదు, నరంలోకి దూరిపోయిన దాన్ని కాదు. అందుకే పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా, అనుమానం బలంగా ఉంటే చాలు, దాన్ని మొదలుపెడతారు.